ముందు పరీక్షకు రక్తం ఇవ్వండి, ఆ తర్వాతే చపాతీ మానండి

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. హనుమకొండ దగ్గర సర్కారు బడిలో టీచర్‌ని. ఇద్దరు పిల్లలు. రెండేళ్లుగా ఒకటే నీరసం. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి ఒళ్లు బరువుగానే ఉంటుంది. మూడో పీరియడ్‌కి వచ్చేసరికి బల్ల పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. హిమోగ్లోబిన్ 8.9. ఎనిమిది నెలలు ఐరన్ మాత్రలు వాడితే 9.4కి వచ్చి, ఆపగానే మళ్లీ దిగింది. థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయన్నారు. ఇద్దరు డాక్టర్లు "టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. బెంగళూరులో ఉండే మా చెల్లె "నీకు గ్లూటెన్ పడట్లేదేమో, సీలియాక్ అయ్యుంటది" అంటే మూడు వారాల కింద చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు మానేశాను. కడుపుబ్బరం తగ్గింది కానీ నీరసం అలాగే ఉంది. మా అత్తమ్మ "మా కాలంలో ఈ రోగాలెక్కడివి" అంటున్నది. నాకున్నది సీలియాకేనా? ఏం తినాలి? ఈ నీరసం ఎన్నాళ్లకు పోతుంది?
– ఒక టీచర్

జవాబు:

టీచర్ గారూ,

రేపటి నుంచి మళ్లీ చపాతీ తినండి. మీరు నా దగ్గర ఈ మాట ఆశించి ఉండరు. అయినా అదే చెబుతున్నాను, ఎందుకంటే మీరు చేసిన పనే పన్నెండేళ్ల కింద నేనూ చేశాను.

నేను డాక్టర్ని కాను. సీలియాక్‌తో ఇల్లు నడుపుకుంటున్న మనిషిని. మావారి ఉద్యోగం నాగపూర్‌లో ఉన్న రోజుల్లో నాకూ ఇదే నీరసం ఉండేది. ఎవరో చెప్పారని గోధుమ మానేశాను. నాలుగు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే "ఏమీ లేదు" అని వచ్చింది. హమ్మయ్య అనుకుని మళ్లీ పుల్కాలు మొదలుపెట్టాను. అసలు జబ్బు బయటపడేసరికి ఇంకో ఏడాదిన్నర గడిచిపోయింది. ఆ పరీక్షలో తప్పేమీ లేదు. దొంగ ఊరు వదిలిపోయాక నేను పోలీసుల్ని పిలిచాను, అంతే.

సంగతేమిటంటే, సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. ఆ దాడి గుర్తులే రక్తంలో యాంటీబాడీలుగా కనిపిస్తాయి. గ్లూటెన్ మానేస్తే అవి మెల్లమెల్లగా తగ్గిపోతాయి, పేగు పొర కూడా మానుతూ వస్తుంది. అప్పుడు రక్తంలోనూ, గొంతులోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీలోనూ జబ్బు దొరక్కపోవచ్చు.

మీరు మానేసి మూడు వారాలే కాబట్టి ఇంకా మించిపోలేదు. ఈ వారమే గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. టీటీజీ ఐజీఏ (ఇందాక చెప్పిన యాంటీబాడీలు చూసే పరీక్ష), దాంతోపాటు టోటల్ ఐజీఏ (ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎన్నున్నాయో చూసేది) రాయించుకుని రక్తం ఇవ్వండి. రెండోది ఎందుకంటే, కొంతమందికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువగా ఉంటుంది, వాళ్లకు జబ్బున్నా మొదటి పరీక్ష మామూలుగానే వస్తుంది. పాజిటివ్ వస్తే దారి దొరికినట్టే. నెగటివ్ వస్తే మాత్రం ఇప్పుడప్పుడే దాన్ని నమ్మొద్దు. ఆరు వారాలకు తగ్గకుండా, రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమ తిని, అప్పుడు పరీక్ష చేయించుకోవాలి. బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు చెప్పేది కూడా ఇదే. పొద్దున ఉప్మా, రాత్రి రెండు చపాతీలు అనుకోండి, సరిపోతుంది. తింటే మరీ ఇబ్బందైతే మొండిగా భరించకండి, ఎంత తినాలో ఎన్నాళ్లు తినాలో డాక్టర్‌తో మాట్లాడుకోండి.

రక్తపరీక్ష తర్వాత జబ్బును ఖాయం చేసుకోవడానికి సాధారణంగా ఎండోస్కోపీ చేస్తారు. అదంటే చాలామందికి దడ. గొంతులో చేదు మందు స్ప్రే చేస్తారు. నాలుక మొద్దుబారి, ఉమ్మి మింగడం కూడా మర్చిపోయినట్టుంటుంది. ఎడమ పక్కకు పడుకోబెట్టి పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. పది నిమిషాల పని. అందులో మీరు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. పైకి చూడ్డానికి పేగు బాగానే కనబడినా, చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు ముక్కలు తీసి బయాప్సీకి పంపమనండి. కడుపు మాత్రమే చూసి "గ్యాస్ట్రైటిస్" అని చీటీ ఇచ్చి పంపిస్తే మీ ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ ఆపొద్దు.

ఇక, మీది సీలియాకేనా అన్నారు. నిజం చెప్పాలంటే మన వైపు ఇది అరుదు. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తరాదిలో వెయ్యి మందికి ఎనిమిది తొమ్మిది మందిలో ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాదిలో పదివేల మందికి ఒకరిలో కనిపించింది. విచిత్రమేమిటంటే, దీనికి కావాల్సిన జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు సమానమే, ముగ్గురిలో ఒకరికి పైగా ఉన్నాయి. తేడా చాలావరకు కంచంలో ఉన్నట్టుంది. ఉత్తరాదిలో మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములే. మీ చెల్లె ఎవరి దగ్గరైనా విని జన్యు పరీక్ష చేయించుకోమంటే కూడా ఈ లెక్క గుర్తుంచుకోండి. ఆ జన్యువులు లేవని వస్తే సీలియాక్ దాదాపు కాదని తేల్చుకోవచ్చు. ఉన్నాయని వస్తే మాత్రం దానివల్ల తెలిసేది ఏమీ లేదు. మీ వీధిలో ముగ్గురిలో ఒకరికి ఉంటాయవి.

మీ అత్తగారి మాట కూడా సగం నిజమేనని ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. వాళ్ల కాలంలో పొద్దున గట్క, రాత్రి జొన్న రొట్టె. గోధుమపిండి ఇంట్లోకి ఎప్పుడో పండక్కి వచ్చేది. ఇప్పుడు షుగర్ వస్తుందన్న భయంతో సగం తెలుగిళ్లలో రాత్రి వంట చపాతీయే. టీలోకి బిస్కెట్టు, పిల్లల టిఫిన్ బాక్సులో నూడుల్స్, బ్రెడ్డు. గోధుమ చెడ్డదని కాదు నేను అంటున్నది. మీ పెద్దవాళ్లలో ఆ జన్యువులు ఉన్నా జబ్బు బయటపడే అవకాశం తక్కువ అంటున్నాను. ఆమాటకొస్తే గోధుమకూ దీనికీ సంబంధం ఉందన్న సంగతి డాక్టర్లకే చాలా ఆలస్యంగా తెలిసింది. విల్లెం డికె అనే డచ్ పిల్లల డాక్టర్ గోధుమ లేని ఆహారాన్ని రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే పరీక్షిస్తున్నాడు. ఆ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌లో కరువొచ్చి బ్రెడ్డు దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకోవడం ఆయన అనుమానాన్ని గట్టిపరిచింది. 1950లో దాన్ని సిద్ధాంత గ్రంథంగా రాశాడు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది నీరసం కాదు, ఎక్కి దిగిన ఆ హిమోగ్లోబిన్. చిన్నపేగు లోపలి పొర కొత్త టర్కీ టవల్‌లా సన్నటి కుచ్చులతో ఉంటుంది. తిన్నదాన్ని పీల్చుకునేవి ఆ కుచ్చులే. సీలియాక్‌లో అవి అరిగిపోయి, ఉతికి ఉతికి నూలు తేలిన పాత తువ్వాలులా అయిపోతుంది. ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది పేగు మొదటి భాగంలో. ఈ జబ్బు ముందుగా దెబ్బతీసేది కూడా అక్కడే. అందుకే మాత్రలు మింగుతున్నా రక్తం పట్టదు. విరేచనాలు లేకుండా, బరువు తగ్గకుండా, రక్తహీనత ఒక్కటే కనిపించే సీలియాక్ రోగులు బోలెడంత మంది. నేనూ వాళ్లలో ఒకదాన్ని.

అలాగని రక్తం పట్టకపోతే సీలియాకే అనుకోకూడదు. దానికన్నా మామూలు కారణాలు చాలా ఉన్నాయి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? గడ్డలు పడుతున్నాయా? ఎన్ని రోజులు ఉంటోంది? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, బహుశా మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. మన దగ్గర జరిగేది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉన్నదాన్ని జబ్బుగా ఎవరు చూస్తారు? మాత్రల చీటీ రాసి పంపేస్తారు. కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బీ12, విటమిన్ డి చూడమనండి. కడుపులో పురుగులు, హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా సంగతి అడగండి. ఇంకో మాట, ఐరన్ మాత్ర ఎలా వేసుకుంటున్నారు? చాలామంది ఆడవాళ్లు రాత్రి భోజనం అయ్యాక ఐరన్, కాల్షియం రెండూ ఒకేసారి నోట్లో వేసుకుంటారు. కాల్షియం ఐరన్‌ని పట్టనివ్వదు. టీ కూడా అంతే. అవన్నీ సరిచేసినా పట్టకపోతే రక్తనాళంలోకి ఎక్కించే ఐరన్ ఉంది, దాని గురించీ డాక్టర్‌ని అడగొచ్చు.

సీలియాక్ అని తేలితే ఏం తినాలన్నది రెండో ప్రశ్న. ఇక్కడ మనం అదృష్టవంతులం. పంజాబీల వంటింట్లో ఈ జబ్బు వస్తే వంటంతా మార్చుకోవాలి. మనకు అన్నం, పప్పు, పులుసు, పచ్చడి, పెరుగు ఎలా ఉన్నవి అలాగే. ఇడ్లీ, అట్టు, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రలు, సజ్జలు అన్నీ తినొచ్చు. మీ వైపు సర్వపిండి, సకినాలు బియ్యప్పిండివే కదా. గ్లూటెన్ ఫ్రీ అని రాసి రెండు మూడు రెట్లు ధర వేసే ప్యాకెట్ల జోలికి వెళ్లనక్కర్లేదు. వాటిలో చాలావాటిలో ఉండేది పిండిపదార్థం, చక్కెర. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు బ్యాగులో ఒక ప్యాకెట్ ఉంచుకుంటే చాలు.

కష్టమంతా కనిపించని గోధుమతో. నాకు మొదటి ఆరు నెలలు రక్తపరీక్షలో మార్పు రాలేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా యాంటీబాడీలు దిగలేదు. ఒకరోజు చారు పోపు వేస్తూ ఇంగువ డబ్బా చేతిలో తిప్పి చూశాను. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని చదివితే గోధుమపిండి అని ఉంది. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి పిండి కలిపి అమ్ముతారు. కొన్నింట్లో బియ్యప్పిండి, చాలావాటిలో మైదా. చారులో, పప్పులో, పులిహోరలో, మాగాయలో, రోజూ రెండు పూటలా నేను వేసుకుంటున్నది అదే. చిటికెడే కదా అనిపిస్తుంది. రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి వెళితే పేగు పొర దెబ్బతింటుందని పరీక్షించి చూసినవాళ్లున్నారు. చపాతీని యాభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క అది, అంతే. ఇప్పుడు నేను బియ్యప్పిండి కలిపిన ఇంగువే వాడతాను.

రెండోది గిర్నీ. మీ జొన్నలు పట్టించేముందు ఆ మరలో ఎవరి గోధుమలు పడ్డాయో మీకు తెలియదు. మర పళ్ల సందుల్లో మిగిలిన పిండి మీ డబ్బాలోకే రాలుతుంది. వీలైతే ఇంట్లోనే చిన్న పిండిమర, లేదంటే కడిగి ఎండబెట్టి మిక్సీలో పట్టుకుని జల్లించుకోవడం. గిర్నీ ఆయన్ని బతిమాలి "బియ్యం పట్టాక నా జొన్నలు పట్టు" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది కొంత నయమే కానీ పూర్తి రక్షణ కాదు.

ఇడ్లీ రవ్వ బియ్యానిది, పర్వాలేదు. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవి. రవ్వ దోశ, మైసూరు బజ్జీ, బొబ్బట్లు, కాజాలు వద్దు. ఎండాకాలం చలవ చేస్తుందని తాగే బార్లీ నీళ్లు అసలే వద్దు. పిల్లలకు పాలల్లో కలిపే మాల్ట్ పొడులు కూడా బార్లీతోనే. ఫ్రైడ్ రైస్‌లో పోసే సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ప్యాకెట్ కొంటే వెనక అలర్జీ వివరాల దగ్గర చూడండి, గోధుమ ఉంటే చెప్పి తీరాలి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన.

అన్నవరం ప్రసాదం మాట కూడా చెప్పాలి. అది గోధుమ నూకతో చేసేది. ఆకు విప్పగానే నెయ్యి వాసన తగిలాక వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను కళ్లకద్దుకుని మావారి చేతిలో పెడతాను. ఇన్నేళ్లలో స్వామికి కోపం వచ్చిన దాఖలా లేదు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. రిపోర్టు పాజిటివ్ వస్తే అది ఆమె చేతికే ఇచ్చి, మీవారితో చదివించండి. ఆ తర్వాత వంటింట్లో ఆమె సాయం అడగండి. గట్క వండటం, చెక్కుచెదరకుండా జొన్న రొట్టె తట్టడం మీ తరానికి ఎంతమందికి వచ్చు? ఆమెకు వచ్చు. చపాతీ పెనం, రొట్టె పెనం వేరు పెట్టాలని చెబితే మొదట్లో మడి ఆచారం అంటూ ఎగతాళి చేయొచ్చు, చేయనివ్వండి. మీకు పాజిటివ్ వస్తే పిల్లలకూ, మీ చెల్లెకూ ఆ రక్తపరీక్ష చేయించాలి. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇది ఎక్కువ. మీకు సలహా ఇచ్చిన మనిషి తనూ రక్తం ఇవ్వడానికి ఒప్పుకుంటుందో లేదో చూడండి!

ఇక నీరసం. కడుపుబ్బరం వారాల్లో తగ్గుతుంది, రక్తం పట్టడానికి నెలలు కావాలి. పెద్దవాళ్లలో పేగు పొర మానడానికి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నాకైతే మెట్లెక్కితే ఆయాసం మూడో నెలలో పోయింది. మధ్యాహ్నం పూట కళ్లు మూసుకుపోయే నీరసం మాత్రం ఏడాది దాటాకే తగ్గింది. ఇప్పటికీ కొన్ని రోజులు వచ్చి కూర్చుంటుంది. గోధుమ మానగానే లేచి పరిగెత్తారని చెప్పేవాళ్ల మాటలు విని, మీకలా జరగలేదని బెంగపడొద్దు.

పరీక్షలన్నీ సరిగ్గా జరిగి సీలియాక్ కాదని తేలిందనుకోండి, అప్పుడేంటి? గోధుమ మానితే ఉబ్బరం తగ్గడం మీ ఊహ కాదు. కొందరికి గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం పడదు. అది ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటుంది. అలాంటప్పుడు తగ్గించి తింటే చాలు, ఇంగువ డబ్బాతో యుద్ధం అక్కర్లేదు. సీలియాక్‌కూ దీనికీ ఉన్న ఈ తేడా తెలుసుకోవడానికే మిమ్మల్ని మళ్లీ చపాతీ తినమంటున్నది.

ఇంకో గుర్తు చూసుకోండి. కాస్త ఎక్కువ పని చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో ఎల్లుండో పూర్తిగా కూలబడిపోతున్నారా? నిద్రపోయి లేచినా సేద తీరడం లేదని మీరే రాశారు. రక్తం సరిపడా వచ్చాక కూడా ఇలాగే ఉంటే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (నెలల తరబడి వదలని నీరసం జబ్బు) గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అది తేల్చేముందు చేయాల్సిన పరీక్షల్లో సీలియాక్ కూడా ఒకటి. ఆ జబ్బున్నవాళ్లకు రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పోవడం మంచిది కాదని 2021లో నైస్ తన పాత సలహానే వెనక్కి తీసుకుంది. ఎవరైనా మిమ్మల్ని "లేచి వాకింగ్ చెయ్, అదే పోతుంది" అంటే ఈ మాట గుర్తుంచుకోండి. మధ్యలో జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం కనిపిస్తే మాత్రం ఈ వరుసంతా పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఈలోపు బడి మానలేరు కాబట్టి, ఉన్న ఓపికను పంచుకోవాలి. మూడో పీరియడ్ వచ్చేదాకా ఆగి బల్ల పట్టుకోవడం కాదు, రెండో పీరియడ్ నుంచే కుర్చీలో కూర్చుని చెప్పండి. బోర్డు మీద రాసేపని ఇద్దరు పిల్లలకు అప్పజెప్పండి, వాళ్లకది పండగ. హెడ్‌మాస్టర్‌కి రక్తం రిపోర్టు చూపించి, వరుస క్లాసుల మధ్య ఒక ఖాళీ అడగండి. ఆదివారం వారం పనంతా నెత్తినేసుకుంటే సోమవారం దాని ఫలితం కనిపిస్తుంది. బట్టలో, ఇల్లు కడగడమో, ఏదో ఒకటే పెట్టుకోండి. రెండోది మీవారిది.

రిపోర్టు వచ్చాక, అంకెలతో సహా, మళ్లీ రాయండి. డాక్టర్ ఐరన్ మాత్ర మళ్లీ మొదలుపెట్టమంటే, అది వేసుకోవడానికి ముందూ తర్వాతా ఒక గంట టీ గ్లాసు ముట్టుకోకండి. కాల్షియం ఇంకో పూటకు మార్చండి.